నోటిఫికేషన్ శాస్త్రంలో డాక్టరేటు

యూనివర్సిటీల్లో పరిశోధన చచ్చిపోయిందని పెద్దలు వగస్తున్నారు. చావలేదు, మకాం మార్చిందంతే. తిరువూరు కుర్రాడినే తీసుకోండి. 2022లో జిల్లాలు చీలినప్పుడు అతని ఊరు ఎన్టీఆర్ జిల్లాకు పోయింది, 2008లో పుట్టిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉండిపోయింది. పట్టా చేతికొచ్చాకే అతని అసలు చదువు మొదలవుతుంది, అదీ సర్కారు కొలువు కోసం స్టడీ హాలులో. ఖాళీలెన్ని, రోస్టర్ ఎలా తిరిగింది, కిందటిసారి కటాఫ్ ఎక్కడ తెగింది, ప్రాథమిక కీలో ఏ ప్రశ్న మీద అభ్యంతరం పెట్టొచ్చు, పొలిమేర దాటి ఖమ్మం జిల్లాలో అడుగుపెడితే తాను నాన్ లోకల్ ఎందుకవుతాడు? ఆధారం చూపనిదే ఒక్క ముక్క నమ్మడు.

ఇది బట్టీయే గానీ పరిశోధనెలా అవుతుందని ఆచార్యులు అడగొచ్చు. అధికారిక పరిశోధన ఎలా నడుస్తోందో కూడా చూద్దాం. సిద్ధాంత వ్యాసం ఇచ్చేలోగా జర్నల్‌లో ఒక పేపరైనా రావాలని 2016లో యూజీసీ నిబంధన పెట్టింది. డబ్బు కడితే పేపరు అచ్చేసే దుకాణాలకు అంతకంటే ఏం కావాలి? 2022లో ఆ నిబంధనే ఎత్తేశారు. 2018 నాటి నియమాల ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. గ్రూప్స్ పరీక్షలో పక్కవాడి పేపర్లోంచి 10 శాతం ఎత్తి రాసి చూడండి, తెలుస్తుంది. ఇక మూల్యాంకనం మాటంటారా, 2018 గ్రూప్-1 మెయిన్స్‌ను హైకోర్టు 2024 మార్చిలో రద్దు చేస్తే, అదే నెలలో డివిజన్ బెంచి ఆ తీర్పు అమలును నిలిపివేసింది. అప్పటికే ఆ పరీక్ష నెగ్గినవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇంత కఠినమైన పరిశీలన ఏ థీసిస్‌కు దక్కింది?

కాలం వృథా కదా అనేది ఇంకో అభ్యంతరం. 1998 డీఎస్సీలో అర్హులైనవాళ్లు కొందరు 2023లో మినిమం టైమ్ స్కేలు మీద బడిలో అడుగుపెట్టారు. పాతికేళ్ల క్షేత్ర అధ్యయనం! వేరే పని చూసుకోవచ్చుగా అంటారా? చూసుకున్నారు. 2019లో లక్షా పాతికవేల పైచిలుకు గ్రామ, వార్డు సచివాలయ కొలువులకు 20 లక్షలు దాటి దరఖాస్తులొచ్చాయి. ఇంకొందరు పట్టభద్రులు నెలకు 5,000 రూపాయలకు వాలంటీర్లయ్యారు. అనంతపురంలో కూలి పనులకు వెళ్తూనే రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మహిళను 2023లో అందరం మెచ్చుకున్నాం. డాక్టరేటు వచ్చాక కూలి మానగలిగిందా అని అడగడానికి మాత్రం మనకు తీరిక చిక్కలేదు.

కనుక స్టడీ హాలు పరిశోధకులకూ జేఆర్‌ఎఫ్ వాళ్లకిచ్చే 37,000 రూపాయలిచ్చి, చివర్లో డాక్టరేట్లూ ఇచ్చేయడం న్యాయం. చిక్కల్లా ఒక్కటే, డాక్టరేటు వచ్చాక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు అడుగుతారు. రాష్ట్రంలో అన్ని స్థాయిల బోధన పోస్టులూ కలిపి 3,220 ఉన్నాయని 2023 అక్టోబరులో ప్రకటించారు. అవి కోర్టు మెట్లెక్కాయి.