ఎండకు యజమాని

మా వీధిలో అందరికన్నా ముందు లేచేది సూర్యుడే అనుకునేవాళ్ళం, ఎదురింటాయన డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించేదాకా. ఇప్పుడు ఆయనే ముందు లేచి, మెట్లెక్కి, ఆఫీసుకి ఆలస్యంగా వచ్చే గుమాస్తా కోసం కాచుక్కూర్చున్న హెడ్ గుమాస్తాలా తూర్పు వైపు చూస్తుంటారు. ఆయనకి మంచి పేరే ఉంది, రేషన్ కార్డులో. వీధికి మాత్రం సోలార్ బాబాయిగారు.

ఈ జాతివాళ్ళు ఇప్పుడు ఏ ఊరికెళ్ళినా తగులుతున్నారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మరీ పెరిగారు. రిటైరై ఉంటారు, డాబా సొంతం, పిల్లలు పొరుగూళ్ళలో. మీరు కుశలం అడిగితే ఫోను తీసి యాప్ చూపిస్తారు. "మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ" అనే మాట రామకోటి రాసినన్ని సార్లు అంటారు. మొత్తం ఖర్చు రెండు లక్షలకి కాస్త అటూ ఇటూ అయిందన్న సంగతి మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. వంటింటి కిటికీ దగ్గరే కదా.

బెజవాడలో ఉంటూ ఎండని తిట్టని మనిషి ఉండడు. బాబాయిగారూ అరవై ఏళ్ళు తిట్టారు. ప్యానెళ్ళు ఎక్కిన మర్నాటి నుంచీ ఎండని ఎవరేమన్నా ఆయనకి సొంత పిల్లాణ్ణి అన్నట్టుంటోంది. "నిప్పులు చెరుగుతోందండీ" అన్నాను ఓ రోజు. "చెరగనీ నాయనా, నీదేం పోయింది" అన్నారు. మబ్బు పడితే మొహం మాడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో వస్తే అది తన మీద పగబట్టి బయల్దేరిందనే అనుకుంటారు.

ఇక మే నెల కోసం ఆయన ఎదురుచూసిన తీరు చెప్పనలవి కాదు. మే వచ్చింది. రోడ్డు మీద తారు కరిగింది. యాప్‌లో యూనిట్లు చూస్తే మార్చికన్నా తగ్గాయి! బిగించిన కుర్రాడికి ఫోన్ చేసి కేకలేస్తే అతను తాపీగా చెప్పాడట: "ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురండీ, వేడి కాదు. కంపెనీ రాసిన లెక్క 25 డిగ్రీల దగ్గరిది. అక్కణ్ణుంచి ప్యానెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ వందకి ముప్ఫై నలభై పైసల తరుగు. మన ఎండలో అద్దం అరవై దాటేస్తదండీ." ఆ రాత్రి బాబాయిగారు అన్నం సరిగ్గా తినలేదు. పుట్టినప్పట్నుంచీ భరించిన ఎండ, తీరా అక్కరకొచ్చే వేళకి ఇలా చేసింది.

ఆయనకి అసలు గర్వం ఎక్స్‌పోర్ట్ గురించి. "మా వియ్యంకుడు భీమవరం నుంచి రొయ్యలు ఎక్స్‌పోర్ట్ చేస్తాడు. నేను ఇక్కణ్ణుంచి కరెంటు" అంటారు. నెట్ మీటరు పెట్టారు కాబట్టి పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి కావాల్సింది లైను నుంచి వస్తుంది, ఇచ్చిన యూనిట్లకీ పుచ్చుకున్నవాటికీ చెల్లుకు చెల్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం గురించి ఈమధ్య ఆయన మాట్లాడే ధోరణి కూడా మారింది. "అటు వాళ్ళు, ఇటు మనం" అంటున్నారు. అక్కడ వేల మెగావాట్లు, ఇక్కడ మూడు కిలోవాట్లు. రోజుకి పన్నెండు యూనిట్లు, ఎండ దయ ఉంటే పద్నాలుగు.

దీనివల్ల ఆ ఇంట్లో వచ్చిన మార్పేమిటంటే, డబ్బు కట్టి కరెంటు కాల్చిన రోజుల్లో మధ్యాహ్నం హాయిగా ఏసీ వేసుకుని పడుకునేవాళ్ళు. ఊరికే వస్తున్నప్పట్నుంచీ ఫ్యాను రెండో నంబరు దాటడం లేదు. పిన్నిగారు మిక్సీ వేస్తే మేడ మీంచి కేక: "అది ఎక్స్‌పోర్ట్ టైమే!" బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేసి, "నాన్నా, ఇంట్లో వాడుకున్నా లైనుకిచ్చినా లెక్క ఒకటే" అని నచ్చజెప్పబోయాడు. "లెక్క ఒకటేరా. మర్యాద వేరు" అన్నారు.

పిన్నిగారి సంగతి చెప్పాలి. ప్యానెళ్ళు రాకముందు ఆ డాబా ఆవిడది. వడియాలు, అప్పడాలు, మాగాయ ముక్కలు, ఉతికిన బట్టలు. ఖర్చు కలిసొస్తుందని బాబాయిగారు స్టాండు మోకాలెత్తున వేయించారు, దాంతో కిందా చోటు లేదు, పక్కనా చోటు లేదు. ఓ శనివారం పదకొండింటికి యాప్‌లో గీత దబ్బున కిందికి జారింది. ఆకాశంలో చూస్తే మబ్బు తునక కూడా లేదు. "ఇన్వర్టర్ పోయింది" అని ఆయన లబలబలాడితే కుర్రాళ్ళిద్దరు పరుగున వచ్చి మేడెక్కారు. తూర్పు చివరి ప్యానెల్ మీద పాత పంచె, దాని మీద వరసలు తీర్చిన గుమ్మడి వడియాలు.

"అద్దంలా ఉంది, పైగా వాలుగా ఉంది. నీరు ఇట్టే ఓడుస్తుంది. మీ ప్లేట్లు దేనికో దానికి పనికిరావాలా?" అన్నారావిడ.

పెద్ద కుర్రాడు విడమరిచి చెప్పాడు: ఆరు ప్యానెళ్ళూ ఒకదానికొకటి వరసగా ముడేసినవి, ఒకదాని మీద నీడ పడితే దాని కుంటితనం మిగతావాటికీ అంటుకుంటుంది. చెబుతూనే సగం ఎండిన వడియం ఒకటి నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయిందండీ" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. మాగాయ పెట్టే నాలుగు రోజులూ తూర్పు చివరి ప్యానెల్ పిన్నిగారిది. ఆ నాలుగు రోజులకీ బాబాయిగారు డైరీలో "మబ్బు" అని రాసుకుంటారు.

మా అపార్ట్‌మెంట్ మీటింగుకి కూడా పిలవకుండానే వచ్చారాయన. లిఫ్టుకీ, మోటారుకీ, మెట్ల లైట్లకీ కలిపి ఉమ్మడి మీటరుకి సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కి 18,000 చొప్పున సబ్సిడీ ఉందన్నారు. మొదటి అంతస్తాయన "నేను లిఫ్టే ఎక్కను" అన్నారు. పై అంతస్తాయన "బోల్టులు మా స్లాబులో దిగుతాయి, కారేది మా హాల్లో" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అమెరికాలో ఉన్న ఓనరు వాట్సాప్‌లో బొటనవేలు పెట్టాడు, అది ఒప్పుకోలో వీడ్కోలో తేలలేదు. టెర్రస్ అందరిదీ, కాబట్టి ఎవ్వరూ చదరపు అడుగు వదల్లేదు. బాబాయిగారు సమోసా ముట్టకుండా లేచిపోయారు. "మీకు ఎండ దండగ" అన్నారు.

మొన్న శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కొమ్మలు కొట్టడానికని మా వీధి కరెంటు తీశారు. అందరం గుమ్మాల్లోకి వచ్చి కూర్చున్నాం. ఎదురరుగు మీద బాబాయిగారు కూడా ఉన్నారు, చొక్కా లేకుండా, తాటాకు విసనకర్రతో. నెత్తిన ఆరు ప్యానెళ్ళు తళతళా మెరుస్తున్నాయి.

"అదేమిటి బాబాయిగారూ, మీక్కూడా పోయిందా?"

"పోలేదు. ఆపాను" అన్నారు. లైనులో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుందనీ, లేకపోతే ఇక్కడి కరెంటు వెనక్కెళ్ళి స్తంభం మీది మనిషిని కొడుతుందనీ పావుగంట వివరించారు, చెమట తుడుచుకుంటూ. ఇది నిజమే. బ్యాటరీ పెట్టించుకోని ఇళ్ళన్నిటిదీ ఇదే గతి.

స్తంభం దిగి లైన్‌మన్ మంచినీళ్ళడిగాడు. బాబాయిగారు మజ్జిగే తెప్పించారు. "తాగు నాయనా. నీ కోసమే ఎక్స్‌పోర్ట్ ఆపి కూర్చున్నాను" అన్నారు.

అతను గ్లాసు ఎత్తిపట్టుకుని తాగి, మూతి తుడుచుకుని, తలెత్తి మేడ వంక చూశాడు. "ఎండ బ్రహ్మాండంగా ఉందండీ ఇవాళ. బాగా వస్తుండాలే?"

బాబాయిగారు ఫోను తిరగేసి అరుగు మీద పెట్టారు. "ఇంకో గ్లాసు పోయమంటావా?" అన్నారు.