చీజు ముక్క మీద ఉపన్యాసం

ఎదుటివాడు ముద్ద నోట్లో పెట్టుకునేలోపు ఆ ముద్ద చరిత్ర చెప్పెయ్యకపోతే నాకు తోచదు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. వినేవాళ్లు పోయారు, చెప్పే నోరు మిగిలింది. పెళ్లి భోజనాల్లో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండటానికి కారణం ఇదేనని మా ఆవిడ అంటుంది. సరదాకి అంటోందనుకునేవాణ్ణి.

మా అమ్మాయి కుటుంబం ఫ్లోరిడాలో ఉంటుంది. మనవరాలు హ్యారీ పోటర్ భక్తురాలు. ఆ కథల్లోని ఊళ్లను ఆర్లాండోలో యూనివర్సల్ వాళ్లు ఇటుక ఇటుకా పేర్చి కట్టారు. 2010లో ఒక పార్కులో హాగ్స్‌మీడ్, 2014లో పక్క పార్కులో డయాగన్ ఆలీ. రెండింటికీ మధ్య రైలు నడుస్తుంది. రెండు పార్కులకీ టికెట్టు కొన్నవాళ్లనే అందులో ఎక్కనిస్తారు. అది ఎలాంటి మంత్రమో మా అల్లుడి పర్సుకి తెలుసు. రెండు ఊళ్లలోనూ పూటకూళ్ల ఇళ్లున్నాయి. హాగ్స్‌మీడ్‌లో త్రీ బ్రూమ్‌స్టిక్స్, ఇటువైపు లీకీ కాల్డ్రన్. మేం తిన్నది లీకీ కాల్డ్రన్‌లో.

బయట మాంత్రికుల బ్యాంకు కప్పు మీద కూర్చున్న డ్రాగన్ ఉండుండి నిప్పులు కక్కుతోంది. లోపల చీకటి రంగు కలప, పొడుగాటి బల్లలు, పొగచూరిన గోడలు. ఆ పొగ నిజమా కాదా అని నాకు అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్లి గోరుతో గీకాను. మసి అంటలేదు. వేలు తీసుకొచ్చి మనవరాలి ముఖం ముందు పెట్టి, ‘చూశావా, పొగ కాదు, పెయింటు!’ అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. అక్కడితో ఆగినా ఈ గొడవ ఉండేది కాదు.

కౌంటరు దగ్గరే కావలసినవి చెప్పి డబ్బు కట్టాం. నంబరు వేసిన కొవ్వొత్తి స్టాండొకటి చేతికిచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టుకు కూర్చుంటే పళ్లేలు వాళ్లే తెచ్చిపెడతారు. మనకి అలవాటైన కోలాలు అక్కడ దొరకవు. గుమ్మడికాయ రసం, బటర్‌బీర్ లాంటివే. పేరులో బీరు ఉంది గానీ అందులో మందు చుక్క కూడా ఉండదని మా ఆవిడకి ధైర్యం చెబుతూ ఉంటే, ఆవిడ అప్పటికే సగం తాగేసింది. బటర్‌స్కాచ్ వాసన, నాలుగు వేళ్ల మందాన నురగ. పై పెదవి మీద తెల్లటి మీసంతో నావైపు తిరిగి, ‘మీరు చెప్పడం అయ్యాక చెప్పండి, ఇంకోటి తెప్పించుకుందాం’ అంది.

మెనూ నాకు కొట్టినపిండి. ఎక్కడో చూసి కాదు, నవలల్లో చదివి. బ్యాంగర్స్ అండ్ మాష్ అంటే సాసేజీలు, మెదిపిన బంగాళాదుంప, ఉల్లిపాయ గ్రేవీ. కాటేజ్ పై అంటే కైమా మీద బంగాళాదుంప ముద్ద పరిచి బేక్ చేసింది. ఫిషర్‌మన్స్ పై అంటే అదే పని చేప మీద. బంగాళాదుంపను మినహాయిస్తే ఇంగ్లీషు వంటల పుస్తకం పల్చటి కరపత్రం అయిపోతుందని నేనే ఒక జోకు వేసి నేనే నవ్వాను. టోడ్ ఇన్ ద హోల్ అని ఇంకోటుంది. అందులో కప్ప ఉండదనీ, పిండిజావలో సాసేజీలు పెట్టి బేక్ చేస్తే పిండి చుట్టూ పొంగుతుందనీ వివరించాను. ఇంతవరకు తప్పు లేదు. మనవరాలు ‘మరి ఆ పేరెందుకు తాతయ్యా?’ అని అడిగింది. అదీ చెప్పాను. నా సమాధానంలో ఒక వంటవాడు, ఒక బావి, ఒక వానాకాలం ఉన్నాయి.

అప్పుడొచ్చింది ప్లౌమన్స్ పళ్లెం. నాగలి పట్టేవాడి భోజనమన్నమాట. గట్టి పెచ్చున్న రొట్టె, రెండు మూడు రకాల చీజు, బీట్‌రూటూ యాపిలూ కలిపిన సలాడు, చిటికెనవేలంత దోసకాయలు ఊరవేసినవి, సగానికి కోసిన స్కాచ్ ఎగ్‌లు. ఉడికించిన గుడ్డుకి సాసేజి మాంసం దట్టంగా తొడిగి, రొట్టెపొడిలో దొర్లించి వేయించితే స్కాచ్ ఎగ్. కోసిన చోట బయట గోధుమరంగు, లోపల తెలుపు, నడుమ పసుపు చుట్టలు చుట్టలుగా కనిపిస్తాయి. ఒక మూల చిన్న గిన్నెలో నల్లటి బ్రాన్‌స్టన్ పికిల్.

నా గొంతు దానంతటదే లేచింది. ‘ఇక్కడున్నదంతా బూటకం. డ్రాగన్ బూటకం, పొగ బూటకం. ఈ ఒక్క పళ్లెం మాత్రం నిజం’ అన్నాను. శతాబ్దాలుగా ఇంగ్లండు రైతు తెల్లారకముందే నాగలి కట్టి, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని గుడ్డ మూట విప్పితే అందులో ఉండేది ఇదేనన్నాను. మన రైతుకి చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఎలాగో వాళ్లకి రొట్టె, చీజు, ఊరగాయ అలాగన్నాను. ‘రెండు నాగళ్లు, ఒకటే మధ్యాహ్నం’ అన్నాను. ఈ మాట నాకే ఎంతో నచ్చి మళ్లీ అన్నాను. అల్లుడు మర్యాదకి ఫోర్కు కింద పెట్టి వింటున్నాడు. అతని చేప, చిప్సు చల్లారిపోతున్నాయి. పక్క బల్ల మీద అమెరికన్లు కూడా ఇటు తిరిగారు. శ్రోతలు పెరిగారని సంతోషించాను గానీ, నా గొంతు ఎంత పెద్దదైందో చూసుకోలేదు.

ఉపన్యాసానికి నిదర్శనంగా బ్రాన్‌స్టన్ పికిల్ గిన్నె అందుకుని రొట్టె మీద ఆవకాయ కలుపుకున్న ధీమాతో పులిమి కొరికాను. తియ్యగా ఉంది. పుల్లగా కూడా ఉంది గానీ ముందు తియ్యగా ఉంది. అది 1922లో స్టఫర్డ్‌షైర్‌లోని బ్రాన్‌స్టన్‌లో, ఫ్యాక్టరీలో పుట్టిన సరుకని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కళ్లు మూసుకుని ‘ఆహా, పాత కాలపు రుచి’ అన్నాను.

కొన్నాళ్లకి లెస్టర్‌లో మేనల్లుడి దగ్గరికి వెళ్లాం. అసలైన ఇంగ్లండు, అసలైన పబ్బు. వాడు కారు పార్కింగుకి వెళితే నేను దర్జాగా ఒక బల్ల చూసుకుని కూర్చుని, ఎవరైనా వచ్చి అడుగుతారని చూస్తున్నాను. ఎవరూ రారు. పక్కనుంచి గ్లాసులు ఏరుకుంటూ పోతున్న కుర్రాడికేసి వేలు ఆడించాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. మేనల్లుడు వచ్చేసరికి నా కోపం తారస్థాయిలో ఉంది. ‘ఆర్లాండోలోనే నయంరా, అసలు పట్టించుకునే నాథుడే లేడిక్కడ’ అన్నాను. ‘మావయ్యా, ఇక్కడ మనమే బారు దగ్గరికెళ్లి బల్ల నంబరు చెప్పి డబ్బు కట్టాలి’ అన్నాడు వాడు. ఆర్లాండోలోనూ కౌంటరు దగ్గరికే వెళ్లామా! అది ఖర్చు తగ్గించుకోడానికి పార్కువాళ్లు చేసిన ఏర్పాటనుకున్నాను. ఆ హాలు మొత్తంలో ఇంగ్లండు నుంచి దిగిన అచ్చమైన ఆచారం ఏదైనా ఉంటే అది అదే.

పైన నల్లటి దూలాలు చూసి, ‘షేక్స్‌పియర్ నాటివై ఉంటాయి’ అన్నాను. 1930ల్లో కట్టిన పబ్బు అన్నాడు మేనల్లుడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బీరు కంపెనీలు కొత్త పబ్బులకి ట్యూడర్ కాలపు ఇళ్ల వేషం వేయించేవట. మెనూలో చికెన్ టిక్కా మసాలా ఉంది. 2001లో రాబిన్ కుక్ అనే మంత్రి అది నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకమని ప్రకటించాడు కాబట్టి పబ్బులో ఉండటం న్యాయమే. ఇవన్నీ నాకు ఏదో చెబుతున్నాయి. నేను వినలేదు. అక్కడా ప్లౌమన్స్ తెప్పించి, మేనల్లుడి స్నేహితులకి అదే ఉపన్యాసం ఇచ్చాను. ఈసారి అందులో ఎద్దులు కూడా వచ్చాయి.

ఇంటికొచ్చాక ఒక రాత్రి ఇంటర్నెట్‌లో ‘ద ప్లౌమన్స్ లంచ్’ అనే సినిమా కంటబడింది. 1983 నాటిది. ఇయాన్ మెక్‌ఇవాన్ రాశాడు, రిచర్డ్ ఐర్ తీశాడు. మన రైతు భోజనం మీద సినిమా వచ్చిందని మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచి కూర్చోబెట్టాను. పొలం లేదు. ఒక రేడియో వార్తల మనిషి, 1956 నాటి సూయెజ్ గొడవ మీద అతను రాస్తున్న పుస్తకం, బయట ఫాక్‌లండ్స్ యుద్ధం. ‘నాగలి ఎప్పుడొస్తుందండీ?’ అని మా ఆవిడ అడుగుతూనే ఉంది. నాగలి రాలేదు. వాణిజ్య ప్రకటనలు తీసే పాత్ర ఒకటి వచ్చి, ఈ ప్లౌమన్స్ లంచ్ అనేది జనాన్ని పబ్బుల్లో తినిపించడానికి ప్రకటనలవాళ్లు పుట్టించిందేనని తేల్చిపారేసింది. అవసరానికి తగ్గట్టు చరిత్రను కుట్టుకోవడానికి గుర్తుగా సినిమాకి ఆ పేరు పెట్టారు.

సినిమా ఆపి వెతికాను. నిజమే. రొట్టె, చీజు, బీరు పొలం పనివాళ్లు తిన్నమాట పాతదే, అందులో సందేహం లేదు. కానీ ఆ పేరుతో, ఆ పళ్లెంతో పబ్బు బోర్డు మీదికెక్కింది నిన్నమొన్న. రెండో ప్రపంచ యుద్ధంలో చీజుకి రేషను పెట్టారు. చీజుకి పోయే పాలు దాదాపు అన్నీ ఒకే రకం ప్రభుత్వ చెడార్‌కి మళ్లించారు. ఊరూరి రకాలు మూలపడ్డాయి. రేషను 1954లో గాని పోలేదు. జనానికి చీజు మళ్లీ అలవాటు చెయ్యాలి. దానికోసం 1950ల్లో చీజ్ బ్యూరో, 1960ల్లో మిల్క్ మార్కెటింగ్ బోర్డు ఈ రైతుని పట్టుకొచ్చి పబ్బులో కూర్చోబెట్టాయి. నేను గట్టు మీద కూర్చోబెట్టిన శతాబ్దాల రైతు వయసులో నాకంటే ఎంతో పెద్దవాడు కాడు.

పొగ పెయింటని గీకి చూపించిన మేధావి, పళ్లెంలో ఉన్న ప్రకటనని మాత్రం రొట్టెతో సహా మింగేశాడు. ఆ పార్కు నయం, ఇది కథ అని గేటు దగ్గరే చెప్పి టికెట్టు చింపింది. నేను టికెట్టు లేకుండా, నిజమని చెప్పి అమ్మాను.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. కాలేజీ పూర్వ విద్యార్థుల సంచికలో ‘రెండు నాగళ్లు, ఒకటే మధ్యాహ్నం’ అని రెండు పేజీల వ్యాసం అచ్చయింది. చదివి ఒకాయన కళ్లు చెమర్చాయని ఉత్తరం రాశాడు. ఆయనకి ఇంకా జవాబివ్వలేదు. అంతకంటే ఘోరం, మనవరాలు స్కూల్లో దీని మీదే వ్యాసం రాసి, మా తాతయ్య చెప్పాడని నా పేరు కూడా పెట్టింది.

వీడియో కాల్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. దాని కళ్లు వెలిగాయి. ‘అంటే అది కూడా హ్యారీ పోటర్ లాంటిదేనా తాతయ్యా? పెద్దవాళ్లందరూ నిజమనుకున్నారా?’ అంది. అనుకున్నారమ్మా అన్నాను. కాసేపు ఆలోచించింది.

‘మరి టోడ్ ఇన్ ద హోల్‌కి ఆ పేరెలా వచ్చిందో చెప్పావు కదా, ఆ బావి, ఆ వంటవాడు?’

సిగ్నల్ సరిగ్గా లేదు, మాట వినబడటం లేదన్నాను.