బావి పూడ్చిన ఇల్లు

మేం సరూర్‌నగర్‌లో మూడొందల గజాల జాగా కొన్నది 1979లో. కోఠీ నుంచి వచ్చే బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో దింపేస్తే అక్కణ్నుంచి నడకే. దారిలో ద్రాక్షతోటలుండేవి. పందిళ్ల కింద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడుతుంటే పిల్లలు కంచె దగ్గర ఆగిపోయేవాళ్లు. తోటమాలి ఓ గుత్తి కోసి చేతిలో పెట్టేవాడు. డబ్బులిస్తే పుచ్చుకునేవాడు కాదు.

మా రోజుల్లో ఇంటికి ముగ్గు పోయకముందే బావి తవ్వించేవాళ్లం. ఆ నీళ్లతోనే గోడలు తడిపాం. కుతుబ్‌షాహీల నాటి చెరువు దగ్గరే కదా, ఇరవై అడుగులకే ఊట పడింది. వెనకింటివాళ్లకి బావి లేదు. అందుకని ప్రహరీ కట్టేటప్పుడు వాళ్ల కోసం దిడ్డి వదిలించాం. తెల్లవారుజామున గిలక కిర్రుమంటే వెనకింటి వదినగారు వచ్చారని తెలిసేది. ఏళ్ల తరబడి బిందెలు దించి దించి బావి పక్క గచ్చులో గుండ్రంగా గుంట పడిపోయింది. 1998లో మా పెద్దమ్మాయి పురుడు ఆ ఇంట్లోనే. ఇరవై ఒకటోనాడు బావికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేద వేసి నీళ్లు తోడింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు.

2016లో ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చాం. నాలుగంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, సగం మాకు, సగం బిల్డరుకి. ఊటబావి పూడ్చకు నాయనా, పైన పలక వేసి ఉంచెయ్ అని బతిమాలాను. పిల్లరు అక్కడే పడుతుంది సార్ అన్నాడు. పాత ఇంటి గోడల పెళ్లలే మూడు ట్రాక్టర్లు తెచ్చి అందులో పోశారు. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

ఇప్పుడు ఆరొందల అడుగుల బోరు మార్చికల్లా గాలి పోస్తుంది. ఇక ట్యాంకరే. 2020 అక్టోబరు 13 రాత్రి వాన కురిస్తే కింది పార్కింగులో నడుంలోతు నీళ్లు. చుట్టుపక్కల కాలనీల్లో జనం మేడలెక్కి కూర్చున్నారు. చెరువుకి నీళ్లు పోయే దారుల్లో ఇళ్లు కట్టాం, ఇంకే నేల మీద సిమెంటు పోశాం, ఇక ఆ నీళ్లు ఎటు పోతాయి?

మంచి జరగలేదని నేననను. 2018లో మెట్రో వచ్చింది, ఈ మోకాళ్లతో కూడా ఊరు తిరగగలుగుతున్నాను. కానీ మా ఎనిమిది ఫ్లాట్లలో మూడో అంతస్తువాళ్ల పేరు నాకింకా తెలియదు. వాళ్లు మా గుమ్మం తొక్కాల్సిన అవసరమే రాలేదు. దిడ్డి ఉన్నప్పుడు వెనకింట్లో పప్పు మాడినా మాకు తెలిసేది.

పోయినేడు మనవరాలి పురుడు. ఇరవై ఒకటోనాడు ఆ పిల్ల పార్కింగులో బోరు పైపుకి పసుపు రాసి, బొట్టు పెట్టింది. పైపులో నీళ్లు లేవు. ట్యాంకరు నీళ్లు బకెట్‌లో పోసి, చెంబుతో తోడించాం.

పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇవ్వబోతున్నవాళ్లకి నాదొక్కటే మనవి. సంతకం పెట్టేముందు, బావి పూడ్చం అన్న మాట అగ్రిమెంటులో రాయించుకోండి. పిల్లరు రెండడుగులు అటు జరుగుతుంది.