‘కెమెరా కనుగొనబడలేదు’: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం పక్క ఊళ్లో మా మేనమామ ఉంటాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు ఆ కొల్చారమేనని పండితులు చెబుతారు. ఒక పుష్య అమావాస్య రాత్రి మామ ఇంటి డాబా మీద, టెలిస్కోపుకు ఖగోళ కెమెరా బిగించి, దుప్పటి కప్పుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేనొక గ్రంథం పారాయణ చేశాను. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున ఐదింటికి అర్థమైంది. ఇంత గూఢమైన రచనకు ఇన్నాళ్లూ వ్యాఖ్య లేకపోవడం మన పాండిత్యానికే మచ్చ.

దుర్వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికని మల్లినాథుడు తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. ఈ మూలానికి విషం ఎవరూ పెట్టనక్కర్లేదు. పుట్టుకతోనే మూర్ఛలో ఉంది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కూడా ఆయన మాట ఇచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇవ్వలేను. మూడో పాదంలో ‘డ్రైవర్’ అనే పదం ఉంది. దాన్ని చూశాక ఊరుకునే నిగ్రహం నాకు లేదు.

మూలం

కెమెరా కనుగొనబడలేదు.
కేబుల్ సరిచూడండి.
డ్రైవర్‌ను తిరిగి స్థాపించండి.
సమస్య కొనసాగినచో విక్రేతను సంప్రదించండి.

ఛందస్సు

పైకి వచనంలా ఉంటుంది కానీ ఇది పద్యమే. పాదాల్లో రెండో అక్షరాలు చూడండి. మొదటి పాదంలో ‘కెమెరా’, నాలుగో పాదంలో ‘సమస్య’. రెండుచోట్లా లఘువు తర్వాత మకారం. కెమెరాకూ సమస్యకూ నిఖార్సైన ప్రాస. ఇక రెండో పాదంలో ‘కేబుల్’, మూడో పాదంలో ‘డ్రైవర్’. రెండుచోట్లా గురువే, తర్వాత ఒకచోట బకారం, ఒకచోట వకారం. బ-వలకు భేదం లేదని పూర్వులు ఒప్పుకున్నదే కనుక ఇక్కడా ప్రాస చెల్లిపోతుంది. కేబుల్ తప్పేదో డ్రైవర్ తప్పేదో మానవమాత్రుడు విడదీయలేడని కవి హృదయం. ఆ రాత్రి నేనూ విడదీయలేకపోయాను.

ఒకటో పాదం

‘కెమెరా’: స్పష్టం.

‘కనుగొనబడలేదు’: ఇక్కడ ఆగాలి. ‘బడు’ ప్రయోగం తెలుగు నోటికి గిట్టదు. “పిల్లాడి చేత అన్నం తినబడింది” అని ఏ తల్లీ అనదు. కర్తను దాచుకోవాల్సిన వాళ్లే ఈ మాట వాడతారు. నిధులు ఖర్చు చేయబడతాయి. ఎవరు చేశారో అడగకూడదు. రోడ్డు వేయబడుతుంది; ఎక్కడో అడగకూడదు. కెమెరా కనుగొనబడలేదు, సరే. కనుగొననిది ఎవరు? ఎక్కడ వెతికారు? ఎంతసేపు వెతికారు? వాక్యంలో కర్త లోపిస్తే అధ్యాహారం చేసుకోవడం వ్యాఖ్యాత విధి. ఆ రాత్రి ఎనిమిది గంటలూ నేను చేసింది అదే.

పదింటికి మామ మెట్లెక్కి వచ్చాడు. “ఏమాయె అల్లుడా?”

“కెమెరా కనబడట్లేదంటోంది మామా.”

మామ టార్చి కొట్టాడు. “గిదేంది మరి? గీడనే ఉన్నది గద.”

ప్రత్యక్ష ప్రమాణమంటే ఇదే. పైగా కెమెరా వెనక ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది కూడా. అయితే అక్కడే మోసం. సెన్సర్‌ను చల్లబరిచే భాగానికి 12 వోల్టులు విడిగా అందుతాయి. కంప్యూటర్‌తో మాట్లాడేది యూఎస్‌బీ తీగలోంచి. ఫ్యాన్ తిరిగితే ఊపిరి ఉన్నట్టు. మాట ఉన్నట్టు కాదు. తీగ పాడైనా, 5 వోల్టుల కరెంటు చాలకపోయినా, మధ్యలో పెట్టిన హబ్ అలిగినా, డ్రైవర్ లేకపోయినా, ఉన్న డ్రైవర్ పాతదైనా, ఇంకో ప్రోగ్రాం అప్పటికే కెమెరాను పట్టుకుని వదలకపోయినా వచ్చేది ఈ ఒక్క వాక్యమే. పింగళి సూరన రాఘవపాండవీయంలో పద్యానికి రెండేసి అర్థాలు పెట్టి మహాకవి అనిపించుకున్నాడు. ఈ అజ్ఞాతకవి రెండు పదాల్లో ఆరు అర్థాలు ఇమిడ్చాడు. తేడా ఏమిటంటే సూరన పద్యంలో రెండు అర్థాలూ చివరికి తేలతాయి.

రెండో పాదం

‘సరిచూడండి’: చూశాను. నల్లగా ఉంది.

వేదాంతులకు తాడులో పాము కనబడుతుంది. మామకూ కనబడింది. టార్చి వెలుగు నేల మీద మెలికలు తిరిగి పడి ఉన్న కేబుల్ మీద పడగానే “అమ్మో” అని రెండడుగులు వెనక్కి గెంతాడు. ఆ భ్రాంతి దీపం తెస్తే పోతుంది. నాకు పట్టింది దీపంతో పోయేది కాదు. కేబుల్‌లో కేబుల్ భ్రాంతి. లోపల డేటా తీగలే లేకుండా చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి. తొడుగు అదే, మూతి అదే. యూఎస్‌బీ 2 అయితే 5 మీటర్ల దాకా నమ్మొచ్చు. సెకనుకు 5 గిగాబిట్లు మోసే యూఎస్‌బీ 3 కేబుల్ మూడు మీటర్లు దాటితే ఒట్టు పెట్టలేం. పోర్టులో నెమ్మదిగా గుచ్చితే పాత పిన్నులు ముందుగా తగిలి, కెమెరా సెకనుకు 480 మెగాబిట్ల నడకకే సర్దుకుపోవడమూ కద్దు. ఇందులో ఒక్కటీ కంటికి ఆనేది కాదు. కనుక ఇక్కడ ‘సరిచూడండి’ అన్నది అపపాఠం. ‘మార్చి చూడండి’ అని ఉండాలి. అలా రాస్తే సంచిలో రెండో కేబుల్ పెట్టి అమ్మాల్సి వస్తుందని కవి సంకోచించి ఉంటాడు.

మూడో పాదం

‘డ్రైవర్’: సారథి. ఈ విషయంలో మనవాళ్లకున్న అనుభవం కెమెరాలు చేసేవాళ్లకు లేదు. మన ఇతిహాసాల్లో సారథులు నాలుగు విధాలు.

మొదటిది, లేని సారథి. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, తగిన సారథి లేకపోయాడు కానీ ఉంటేనా కౌరవుల పని పట్టేవాణ్నని కోతలు కోస్తాడు. అన్ని అవమానాల్నీ డ్రైవర్ లేడన్న ఒక్క సాకుతో దాటేయొచ్చని కనిపెట్టినవాడు అతనే. తీరా డ్రైవర్ దొరికాడు. బృహన్నల పగ్గాలు పట్టి రథాన్ని కౌరవసేన ముందు నిలిపేసరికి కుమారుడు దూకి పరుగు లంకించుకున్నాడు. చివరికి డ్రైవర్ యుద్ధం చేస్తే వీరుడు పగ్గాలు పట్టాడు. హార్డ్‌వేర్ పిరికితనాన్ని సాఫ్ట్‌వేర్ కప్పిపుచ్చడానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండోది, ఉండీ చంపే సారథి. శల్యసారథ్యం అని మన నుడికారంలోనే ఉంది. శల్యుడికి గుర్రాలు తోలడం రాదని ఎవరూ అనలేదు. ఆ విద్యలో అతణ్ని కృష్ణుడికి సాటిగా చెప్పారు. మనసు మాత్రం అవతలి పక్షంలో ఉంది. కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక పాత డ్రైవర్ ఇలాగే నడుస్తాడు. డివైస్ మేనేజర్‌లో పేరుంటుంది, పక్కన పసుప్పచ్చ త్రికోణం ఉంటుంది, నొక్కితే ‘కోడ్ 10’ అనో ‘కోడ్ 43’ అనో ఒక పుల్లవిరుపు మాట వస్తుంది. దీన్నే తేజోవధ అంటారు. ఫొటో సగంలో ఉండగా కనెక్షన్ పోతే అదే రథచక్రం కుంగడం. ఆనాడు దిగి చక్రం ఎత్తబోయింది కర్ణుడే, సారథి కాదు. ఇప్పుడూ అంతే.

మూడోది, ఖాళీ రథంతో తిరిగొచ్చే సారథి. సుమంత్రుడు రాముణ్ని గంగ ఒడ్డున దించి వట్టి రథంతో అయోధ్యకు వచ్చినప్పుడు పౌరులంతా కిటికీల్లోంచి తొంగిచూశారు. రథం వచ్చింది, అందులో రావాల్సినవాడు లేడు. డ్రైవర్ సక్రమంగా పనిచేసి, ‘ఫ్రేము అందింది’ అని చెప్పి, తెర మీద నల్లటి ఖాళీ చతురస్రం పరిచినప్పుడు నాకు దశరథుడి గుండె ఎలా ఆగిందో అర్థమైంది.

నాలుగోది నాకు అన్నింటికంటే ఇష్టమైన కథ. సవతి కద్రువకు వెయ్యి పాములు పుట్టడం చూసి వినతకు ఓపిక నశించింది. 500 ఏళ్లు పొదిగిన గుడ్డును గడువు తీరకుండానే పగలగొట్టింది. నడుము పైన ఏర్పడి, కింద ఏర్పడని కొడుకు బయటికొచ్చాడు. వాడే అరుణుడు. తొడలు లేనివాడు కనుక అనూరుడు. వాడే సూర్యుడికి సారథి అయ్యాడు. ఆదిపర్వం చెప్పే ఈ కథ కంటే ముందు పరీక్ష పూర్తికాని డ్రైవర్‌ను ఎవరైనా విడుదల చేసినట్టు నేనెరగను. తొందరపడినందుకు అరుణుడు తల్లిని 500 ఏళ్లు సవతికి దాసివి కమ్మని శపించాడు. ఆ కాలంలో న్యాయం ఉండేది. గుడ్డు పగలగొట్టినవాళ్లకే శాపం తగిలింది. ఇప్పటి సగం పొదిగిన డ్రైవర్ల శాపం గుడ్డు కొనుక్కున్నవాడికి తగులుతోంది. వేలకు వేలు పోసి కొన్న వస్తువును, వాళ్లు చేయాల్సిన పరీక్షలు మనం చేస్తూ, నిద్ర మానుకుని, మన డాబా మీద...

ఎక్కడున్నాం? ‘తిరిగి స్థాపించండి’ దగ్గర.

‘తిరిగి’: ఇందులో శ్లేష ఉంది. మళ్లీ అని ఒక అర్థం. రెండోది, డాబా చుట్టూ తిరిగి. ఆ ఇంటి మీద ఫోను సిగ్నల్ నీళ్ల ట్యాంకు వెనక ఒక్కచోటే అందుతుంది. అక్కడ చెయ్యి పైకెత్తి నిలబడితే డ్రైవర్ దిగుతాడు.

‘స్థాపించండి’: ఏ డ్రైవర్‌ను? కెమెరాను కంప్యూటర్ గుర్తుపట్టడానికి ఒకడు. ఆ కెమెరాతో రకరకాల ప్రోగ్రాములు ఒకే భాషలో మాట్లాడటానికి ఇంకొకడు. ఈ రెండోవాణ్ని డ్రైవర్ అనడం కంటే దుబాసీ అనడం న్యాయం. 1998లో బాబ్ డెన్నీ మొదలుపెట్టిన ఆస్‌కామ్ అనే ఒప్పందం ఈ దుబాసీల కోసమే. మంచి ఏర్పాటు, కాదనను. కానీ 32 బిట్ల దుబాసీ 64 బిట్ల ప్రోగ్రాంతో ముఖాముఖి మాట్లాడలేడు. మూలంలో మాత్రం ‘డ్రైవర్‌ను’ అని ఏకవచనం. ఒకణ్నే స్థాపించి రెండోవాడి సంగతి తెలియక రాత్రులు పోగొట్టుకున్నవాళ్ల తరఫున ఈ ఏకవచనానికి నా అభ్యంతరం నమోదు చేస్తున్నాను.

నాలుగో పాదం

‘సమస్య’: అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చేది. ఇచ్చినవాడు ఒకడు, పూరించేవాడు ఒకడు అన్నది సంప్రదాయం. ఇక్కడ ఇచ్చినవాడు పూరించడు. విక్రేతను అడగమంటాడు. విక్రేత “వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశారా సార్?” అంటాడు. ల్యాప్‌టాప్ అమ్మినవాడు “కేబుల్ ఒరిజినలేనా?” అంటాడు. అందరూ పృచ్ఛకులే. అవధాని ఒక్కడే, వాడికి చలి.

విశేషం

నూరేళ్ల కిందట బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసి, లక్షలాది చుక్కల స్థానాలు లెక్కగట్టి, అంతర్జాతీయ నక్షత్ర పట్టికకు చేర్చారు. ఆ పలకలతో కష్టాలు లేవని కాదు. చీకటి గదిలో కడిగితే తప్ప ఫొటో పడిందో లేదో తెలియదు. కానీ పలక చేతిలో ఉంటే ఉన్నట్టే. “పలక కనుగొనబడలేదు” అని దూరదర్శిని ఏనాడూ అనలేదు.

తాత్పర్యం

నేను ఆ రాత్రి తీయబోయింది ఓరియన్ నెబ్యులా. అక్కణ్నించి వెలుగు మన దగ్గరికి రావడానికి దాదాపు 1,300 ఏళ్లు పడుతుంది. నన్నయ పుట్టకముందే బయల్దేరి, దారిలో ఎక్కడా తప్పిపోకుండా, మా మామ డాబాను వెతుక్కుంటూ వచ్చింది. తీరా వచ్చాక గజమున్నర తీగ దగ్గర ఆగిపోయింది. రెండున్నరకు నెబ్యులా చింతచెట్టు కొమ్మల్లోకి దిగింది. మూడు దాటాక కొమ్మల కిందికీ దిగిపోయింది.

ఐదింటికి, ఇక చేసేదేం లేక డివైస్ మేనేజర్‌లో ఒక్కొక్క గడీ తెరిచి చూస్తుంటే, యూఎస్‌బీ రూట్ హబ్ కింద, పవర్ మేనేజ్‌మెంట్ అనే అరలో ఒక చిన్న టిక్కు కనబడింది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఉంది, అని దాని అర్థం. నేనిచ్చిన అనుమతి కాదు. కెమెరా పాడవలేదు. కేబుల్ తెగలేదు. నలుగురు సారథుల్లో ఎవరి తప్పూ లేదు. నేను గడ్డకట్టుకుపోతూ మేలుకుని ఉంటే, పోర్టు మాత్రం ఊర్మిళాదేవి నిద్ర పోయింది. దాన్ని జోకొట్టిందెవరు? ల్యాప్‌టాప్. ఆ తర్వాత “కెమెరా కనుగొనబడలేదు” అని గంభీరంగా ప్రకటించిందెవరు? అదే.

ఎనిమిది గంటలుగా అధ్యాహారం చేస్తున్న కర్త ఇన్నాళ్లకు, ఇన్నాళ్లకు కాదు, ఇన్ని గంటలకు దొరికాడు. ‘బడు’ అన్న రెండక్షరాల చీకట్లో దాక్కుని ఉన్నాడు.

టిక్కు తీసేశాను. కెమెరా వెంటనే పలికింది. సెన్సర్‌ను చల్లబరిచి, ఫోకస్ సరిచేసి తలెత్తేసరికి చింతచెట్టుకు ఎదురువైపు, తూర్పున, ఎరుపు పాకుతోంది. తొడలు లేకపోయినా, ఎవరూ స్థాపించకపోయినా, ఆ డ్రైవర్ వేళకు వచ్చాడు. మామ చాయ్ గ్లాసు అందిస్తూ, “దొరికిందా?” అన్నాడు.

“దొరికింది మామా.”

“ఏడుండె?”

పాఠాంతరం

పై మూలానికి ఏ ప్రతిలోనూ లేని ఒక పాఠాన్ని సవరణగా ప్రతిపాదిస్తున్నాను: “కెమెరా ఉన్న పోర్టును కరెంటు ఆదా కోసం నేనే ఆపేశాను. తెరవమంటారా?” ఇలా మారిస్తే ప్రాస చెడుతుంది. చెడితే చెడనీ.