రంగుల మీద నేను మోపిన నింద

‘సహజ రంగులు కాస్త అటూ ఇటూ పాకుతాయండీ, అది వాటి స్వభావం.’ ఈ మాట చాలామందితో అన్నాను. తెలియక అన్నది కొంతకాలమే. తెలిశాక కూడా అన్నాను, అదే నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకునేటప్పుడు నా ధ్యాసంతా రంగుల మీదే. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డను నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయడం శ్రద్ధగా నేర్చాను. పాలలోని కొవ్వు కలం గీతను పక్కకు పాకనివ్వదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియగా వచ్చిన కసిమి ఆ గుడ్డకు తగలగానే, కరక్కాయ వగరుతో కలిసి కళ్లెదుటే నల్లబడుతుంది. నాకు అదే విద్య అనిపించింది.

ఎరుపు అలా దొరకదు. పటిక నీళ్లతో దిద్దినచోట గుడ్డ మీద కనపడేది దాదాపు ఏమీ ఉండదు. చిరువేరుతోనో మంజిష్ఠతోనో ఉడికించినప్పుడే పటిక పట్టినంత మేరా ఎరుపెక్కుతుంది. అందుకే ఉడికించే ముందు గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. దారానికి పట్టని పటికను ప్రవాహం మోసుకుపోతుంది. నిలవ నీళ్లలో అదే పటిక తెల్లటి నేలలోకి చేరుతుంది.

‘నీళ్లు నడుస్తుండాలమ్మా’ అనేవారు గురువుగారు, స్వర్ణముఖిని తలుచుకుంటూ. ఏటి మీద పెద్దాయన మమకారం అనుకున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. ఆర్డరు తొందరలో చీరను ఇంటి తొట్టిలో జాడించాను. ఉడికించాక నేలంతా గులాబి మరకలు.

కొన్నామెకు నా స్వభావ సిద్ధాంతం చెప్పాను. పాపం, నమ్మింది. తర్వాత గురువుగారు ఆ మరకలు చూసి సంగతి విడమరిచారు. అయినా నా నోట పాత మాటే వచ్చేది, పరువు పోతుందన్న భయంతో.

నిజానికి మన తీరం నుంచి వెళ్లిన అద్దకం గుడ్డ ఉతికినా రంగు వదలదనే ఐరోపా ఎగబడింది. తమ ఉన్ని, పట్టు పరిశ్రమలను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో ఆ బట్టలను నిషేధించాల్సి వచ్చింది. అంత గట్టి పనితనాన్ని నేను నిలకడ లేనిదని చెప్పాను!

ఆ చీర కొన్నామె మొన్న తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. నేను నోరు తెరవకముందే ఆమే చెల్లెలికి చెబుతోంది: ‘ఈ రంగులింతేనే, పాకుతాయి.’ కాదమ్మా, పాకించింది నేనని అక్కడే చెప్పేశాను. అక్క వింది. చెల్లెలు మాత్రం ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.