రెండు దేశాలకే అనుమతి

కాలిఫోర్నియాలో పది తెలుగు కుటుంబాలు కలిసిన ప్రతి పాట్‌లక్‌లోనూ ఒక టాకో బావగారు ఉంటారు. ఎవరికి బావ అని అడక్కండి, అందరికీ బావే. వృత్తి క్లౌడ్ కంప్యూటింగు, ప్రవృత్తి కొరియన్-మెక్సికన్ శాకాహార టాకోలు. మిగతావాళ్లు పులిహోరో, గుత్తివంకాయో, బయట కొన్న సమోసాలో బల్ల మీద పెట్టేసి కబుర్లలో పడతారు. బావగారు మాత్రం తన పళ్లెం పక్కనే నిలబడతారు. ఆ టాకో చేతికి రావాలంటే ముందు దాని చరిత్ర వినాలి.

చరిత్ర 2008 నవంబరులో మొదలవుతుంది. లాస్ ఏంజెలెస్‌లో కోగీ అని ఒక బండి. సియోల్‌లో పుట్టి, దక్షిణ కాలిఫోర్నియాలో పెరిగిన రాయ్ చోయ్ అనే వంటవాడు కొరియా కల్బీ మాంసాన్ని మెక్సికో టోర్టియాలో పెట్టి అమ్మాడు. ఆ రాత్రి బండి ఏ వీధిలో ఆగుతుందో ట్విటర్లో చెప్పేవారు, జనం పరిగెత్తుకెళ్లి క్యూ కట్టేవారు. ఆ క్యూలో తనూ నిలబడ్డట్టే చెబుతారు బావగారు. అప్పటికి ఈయన విజయవాడ హాస్టల్లో ఉప్మాకి క్యూ కట్టేవారని బావమరిదికి తెలుసు. తెలిసీ ఊరుకుంటాడు, ఇంటికి అదే కార్లో వెళ్లాలి కదా. కల్బీ తీసేసి టోఫూ పెట్టడం తన కనిపెట్టుడేనని చరిత్ర ముగుస్తుంది. కోగీ బండి మెనూలో టోఫూ టాకో కూడా ఉందన్న సంగతి అందులో రాదు.

ఆయన కష్టం మాత్రం అబద్ధం కాదు. ఈ వంటలో శాకాహారికి రెండు దేశాల నుంచీ గండమే. కొరియా ఊరగాయ కిమ్చీలో మామూలుగా ఉప్పు పట్టించిన రొయ్యలో, చేపల రసమో ఉంటాయి. మెక్సికో చిక్కుడు గింజల ముద్దని పంది కొవ్వులో వేయించడం ఆనవాయితీ. గోధుమ టోర్టియాలోనూ అదే కొవ్వు పొంచి ఉండొచ్చు. అందుకని బావగారు కొరియన్ సూపర్‌మార్కెట్‌కి వెళ్తే సరుకులు కొనరు, దర్యాప్తు చేస్తారు. ఒక్కో సీసా ఎత్తి, కొరియా అక్షరాల మీద ఫోను కెమెరా పెడతారు. ఫోను ముందు "రొయ్య" అంటుంది. చెయ్యి కాస్త వణికితే "శరదృతువు ఆనందం" అంటుంది. మళ్లీ వంచి చూస్తే "రొయ్య". వెనక బండి తోసుకుంటూ నిలబడ్డ కొరియా బామ్మగారు కాసేపు ఓపిక పట్టి, చెయ్యి చాపి తన సీసా తను తీసుకుని వెళ్లిపోతుంది. చివరికి బావగారు ఏ సీసానీ నమ్మక, ఇంట్లోనే సోయా సాసు పోసి కిమ్చీ ఊరబెట్టడం మొదలెట్టారు. వాసనకి అక్కయ్యగారు దాన్ని గ్యారేజీకి పంపించేశారు. ఇప్పుడు ఆయన కారెక్కినా తెలుస్తుంది, దిగినా తెలుస్తుంది.

ఈమధ్య వాళ్లమ్మగారు ఆరునెలలు ఉండిపోదామని వచ్చారు. కార్తీకమాసం కావడంతో ఉల్లీ వెల్లుల్లీ మానేశారు. బావగారికి పండగే.

"అమ్మా, కొరియాలో బౌద్ధ సన్యాసినులు కూడా అంతే. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇంగువ కూడా నిషేధమే."

అమ్మగారు చేస్తున్న పని ఆపారు. "ఇంగువ కూడానా? మరి పాపం ఆ తల్లులు ఏం తిని బతుకుతున్నార్రా?"

మర్నాడు టోర్టియాల కోసం మొక్కజొన్నలు సున్నం నీళ్లలో ఉడుకుతున్నాయి. అలా ఉడికిస్తే గింజ మీద పొట్టు ఊడుతుంది, పిండి ముద్ద కడుతుంది, లోపలున్న నియాసిన్ ఒంటికి పడుతుంది. మెక్సికోలో వేల ఏళ్లుగా ఇదే పద్ధతి. దాని కోసం ఈయన మెక్సికన్ కొట్టుకి వెళ్లి సున్నం పొట్లం కొనుక్కొచ్చారు. అమ్మగారు గిన్నెలోకి చూసి, "సున్నానికి అంత దూరం పోయావా నాన్నా, నా తాంబూలం పెట్టెలో ఉందిగా" అన్నారు. అది వేరు, ఇది వేరని బావగారు ముప్పావుగంట చెప్పారు. నాకు తెలిసినంతలో రెండూ సున్నమే.

వంట మాత్రం బాగా చేస్తారు, ఒప్పుకోవాలి. గట్టి టోఫూని గుడ్డలో చుట్టి, పైన ఎప్పుడూ తెరవని వంటల పుస్తకాలు నాలుగు బరువు పెట్టి నీరు పిండుతారు. చిదిపి, మొక్కజొన్న గంజిపొడి అద్ది, కరకరలాడేలా వేయిస్తారు. కొరియా మిరప ముద్ద కొచుజాంగ్‌లో తీపి ఉంటుంది కాబట్టి ముందే వేస్తే మాడుతుంది. అందుకని సోయా సాసు, వెనిగర్, చితక్కొట్టిన వెల్లుల్లితో కలిపి దింపే ముందు పోసి, ఒక్క తిప్పు తిప్పుతారు. అమ్మగారి వాటాలో ఆ నెలంతా వెల్లుల్లి ఉండదు. పెనం మీద కాలిన రెండు చిన్న టోర్టియాలు, వాటిలో టోఫూ, కిమ్చీ, కొత్తిమీర, వేయించిన నువ్వులు, నిమ్మకాయ. తినేవాళ్లకి నచ్చుతుంది. తిననివ్వడమే ఆలస్యం.

మొన్నటి పాట్‌లక్‌లో చరిత్ర అయిపోయి, టాకో చేతికొచ్చాక, ఒక పెద్దావిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న ఆవకాయ సీసా తీశారు. బావగారి ముఖం పాలిపోయింది.

"అత్తయ్యగారూ, ఇందులో అది వెయ్యకూడదండీ."

"ఏం బాబూ?"

"ఫ్లేవర్ బ్యాలెన్స్ పోతుందండీ. ఇది చాలా ఆలోచించి కలిపింది."

"వాళ్లదీ వీళ్లదీ కలిపావు గదా, మనదేం పాపం చేసింది?"

ఇక్కడ బావగారు ఊరుకుంటే సరిపోయేది. జ్ఞానం ఊరుకోనివ్వదు. "అసలు మిరపకాయ మనదే కాదండీ. దాని పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికొచ్చింది."

"అలా చెప్పు మరి! అయితే ఇదీ మెక్సికోదే" అంటూ ఆవిడ ఓ ముక్కతో సహా రెండు చెంచాల ఊట టాకోలో వేసుకున్నారు. ఒక కొరుకు కొరికి, కళ్లు మూసుకుని, సీసా పక్కావిడకి అందించారు. అది చేతులు మారుతూ అమ్మగారి దాకా వెళ్లింది. ఆవిడ కొడుకు వైపు చూడకుండా మూత తీశారు.

బావగారు అప్పటికి ఏమీ అనలేదు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే, అందరికంటే ముందు ఖాళీ అయింది ఎవరో తెచ్చిన మామిడికాయ పప్పు గిన్నె అని బావమరిది పైకే అనేశాడు.

"అవదా మరి" అన్నారు బావగారు, మిగిలిన టోఫూని డబ్బాలోకి తోస్తూ. "పప్పుకి చెప్పడానికి చరిత్రేం ఉంది? వడ్డించుకుని పోవడమేగా."