కడలి కింద బండి: సటీకా తాత్పర్యము

ఆ.వె.
బండి కాస్త తుడిచి పాస్‌పోర్టు చేతిలో
కడలి కింద రైలు గదిని నిలిపి
స్టాండు వేసి నిలిచి చాయ లేదనుకొనె
కరిమనగరు వాడు ఘనుడు సూడు

అవతారిక

పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే. సొంత పద్యానికి టీక రాసుకునేవాడికి ఒక సౌకర్యం ఉంది: కవిహృదయం పట్టుకోలేదని ఎవరూ అనలేరు. కాళిదాసును విప్పి చెప్పిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలిచెలమ వాడు. భారవి కిరాతార్జునీయానికి తాను రాసిన వ్యాఖ్యకు 'ఘంటాపథ'మని పేరు పెట్టాడు, అనగా రాజమార్గమని. వ్యాఖ్యకు రోడ్డు పేరు పెట్టిన సీమలో రోడ్డు మీది బండికి వ్యాఖ్య రాస్తే అపచారమేమీ కాదు.

సందర్భమేమనగా, కరీంనగర్ నుంచి మోటారు సైకిలు మీద బయలుదేరిన ఒకడు ఇంగ్లండు తిరిగి, ఫ్రాన్సుకు పోయే దారిలో సముద్రగర్భ రైలెక్కి నిలుచున్నాడు. నాయకుడు కల్పితం. రైలు మాత్రం నిజం.

ప్రతిపదార్థము

బండి = మోటారు సైకిలు. మన వైపు ఎడ్లబండికీ, కారుకూ, రైలుకూ ఈ మాటే చెల్లినా, 'బండి తియ్యి' అన్నప్పుడు ఎవరూ ఎడ్ల కోసం వెతకరు. దీనికి పాఠాంతరములు కలవు. నంబరు ప్లేటు మీద ప్రాచీన ప్రతులలో ఏపీ 15 అనీ, తెలంగాణ వచ్చిన తరువాతి ప్రతులలో టీఎస్ 02 అనీ, 2024 మార్చి నుంచి టీజీ 02 అనీ కనబడుతున్నది. ఆదిలాబాద్ ప్రతులలో వరుసగా ఏపీ 01, టీఎస్ 01, టీజీ 01. అన్నీ ప్రామాణికములే. అయితే ఫ్రాన్సు పోలీసుకు వీటిలో ఏదీ తెలియదు గనుక, వెనక ఐఎన్‌డీ అనే అక్షరాలున్న కోడిగుడ్డు ఆకారపు బిళ్ల అంటించుకోవలెను.

కాస్త తుడిచి = పైపైన దుమ్ము దులిపి. పూర్తిగా కడగలేదని ధ్వని. ఇన్ని దేశాల దుమ్ము ఊరికే కడిగేసుకుంటే ఊళ్లో నమ్మేదెవరు?

పాస్‌పోర్టు చేతిలో = ఇక్కడ 'పట్టుకొని' అని అధ్యాహారము. పాస్‌పోర్టు ఉపలక్షణము మాత్రమే. దానితో పాటు చెప్పకనే చెప్పినవి అనేకము. ఇంగ్లండుకొక వీసా, ఫ్రాన్సుకు వేరే షెంగెన్ వీసా. ఆర్టీఏ ఆఫీసులో తీసుకునే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, ఏడాది చెల్లుతుంది. అన్నిటినీ మించి 'కార్నె' అనే పుస్తకం. ఈ బండిని మీ దేశంలో అమ్ముకోను, మళ్లీ బయటికి తెస్తాను అని కస్టమ్స్ వారికిచ్చే పూచీ అది. పుటకు మూడు ముక్కలు: లోపలికి పోయినప్పుడు ఒకటి చింపుతారు, బయటికి వచ్చినప్పుడు ఒకటి చింపుతారు, మూడోది ముద్రలతో పుస్తకంలోనే మిగులుతుంది. యూరపుకు ఇది అక్కర్లేదు గాని ఇరాన్‌కు కావాలి. మన దేశంలో దీన్ని ముంబయిలోని వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. హామీ సొమ్ము చూపనిదే ఇవ్వదు. బండి తిరిగి వస్తుందని ఇంత పూచీకత్తు అడిగే లోకం, కరీంనగర్ నుంచి గల్ఫుకు పోయిన మనిషి తిరిగి వస్తాడని ఎవరి దగ్గరా హామీ తీసుకోలేదు. ఈ వాక్యం టీకలో భాగం కాదు, వదిలేసి చదువుకోవచ్చు.

ఇంకో విశేషం. ఫ్రాన్సు పోలీసులు రైలెక్కే ఫోక్‌స్టన్‌లోనే, ఇంగ్లండు గడ్డ మీదే కూర్చొని పాస్‌పోర్టు చూస్తారు. అంటే సముద్రం రాకముందే అవతలి ఒడ్డు వస్తుంది. అందుకే కవి పాస్‌పోర్టును మొదటి పాదంలో, కడలిని రెండో పాదంలో ఉంచాడు.

కడలి కింద = ఇంగ్లిష్ ఛానల్ అడుగున, సుద్దమట్టి పొరలో తొలిచిన సొరంగంలో. 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరా దీన్ని తెరిచారు. పొడవు 50.45 కిలోమీటర్లు, అందులో సముద్రం కింద సుమారు 38. జపాన్‌లోని సేకన్ సొరంగం దీనికన్నా పొడవు, 53.85 కిలోమీటర్లు, కానీ సముద్రం కింద 23 కిలోమీటర్లే, పైగా బండ్లను ఎక్కించుకోదు. కనుక మన నాయకుడికి అది పనికిరాదు.

ఇక్కడ గోదావరిఖని పూర్వపక్షి లేచి, "సముద్రం కింద రైలంటే గంత గొప్పనా పంతులూ? మా నాయిన ముప్పై ఏండ్లు బాయిల దిగి ఎక్కిండు, గాడ పట్టాలు లేవా, టబ్బులు లేవా?" అని అడుగుతాడు. న్యాయమైన ఆక్షేపణ. ఛానల్ సొరంగం ఎంత లోతుకు పోయినా సముద్రపు అడుగుకు 75 మీటర్లే కింద. సింగరేణిలో 300 మీటర్లు దాటిన బాయిలున్నాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ ఉద్యమకాలంలో మన బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నాం. చిత్రమేమిటంటే బండి మీద పోయేవాడికీ అవే మజిలీలు. పాకిస్తాన్‌లోకి పోయే అటారీ దారి 2025 ఏప్రిల్‌లో మూసుకుంది. కాబట్టి కార్నెకూ ఓడరేవుకూ ముంబయి పోవాలి. కంటైనరులో బండిని దుబాయికి దించాలి. అక్కడి నుంచి గల్ఫు దాటి ఇరాన్, తుర్కియే మీదుగా యూరపు. చివర నేల కిందికి దిగాలి. మన పెద్దలు కూటికి పోయిన దారినే పిల్లలు సరదాకు పోతున్నారు. సమాధానమిదే: బాయిల దిగినవాడికి జీతమిచ్చారు, వీడు టికెట్ కొని దిగాడు. ఘనత అందులో ఉన్నదో, వెర్రి ఉన్నదో వ్యాఖ్యాత చెప్పడు.

రైలు గదిని = రైలు పెట్టెలో. మన కాజీపేటలో బండిని రైలెక్కించే తీరు చూసినవారికే ఈ పదం రసం తెలుస్తుంది. ముందు ట్యాంకులో చుక్క లేకుండా పెట్రోలు తీయాలి. పైపు ఊడదీసి సీసాలోకి పట్టేవాడొకడు, అద్దాలు విప్పేవాడొకడు. తరువాత హ్యాండిల్ నుంచి మడ్‌గార్డు దాకా గోనెపట్టా చుట్టి, దబ్బనంతో సుతిలి వేసి కుట్టి, ఊరి పేర్లు రాసిన అట్టముక్క కడతారు. కుట్టడం పూర్తయ్యేసరికి అది బండి అని యజమానికీ గుర్తుండదు. అది ఏ రైలులో పోయిందో, మనం ఏ రైలులో పోతున్నామో! ఛానల్ రైలులో మాత్రం ట్యాంకులో పెట్రోలుతోనే, ఇంజను నడుస్తుండగానే పెట్టెలోకి తోలుకుపోతారు.

స్టాండు వేసి నిలిచి = సైడు స్టాండు వేసి, గేరులో ఉంచి, పక్కనే నిలబడి. కార్లవాళ్లు కార్లలోనే కూర్చుంటారు. బండివాడికి కుర్చీ లేదు. 35 నిమిషాలే గనుక కాళ్లు పీకవు.

చాయ లేదనుకొనె = టీ దొరకలేదే అనుకొన్నాడు. శ్లేష: చాయ అనగా నీడ కూడా. సముద్రం కింద ఎండ లేదు, కనుక నీడా లేదు. పండితులు రెండో అర్థాన్ని మెచ్చుకుంటారు. కరీంనగర్ బస్టాండు ఎదుట పొద్దున్నే నిలబడ్డవారు మొదటిదే కవి హృదయమంటారు.

కరిమనగరు వాడు = "ఆదిలాబాదోడు ఏం పాపం జేసిండు?" అని రెండో పూర్వపక్షి. పాపమేమీ లేదు, ఛందస్సు ఒప్పుకోదు. ఆటవెలది సరిపాదాల్లో అన్నీ సూర్యగణాలే, రెండు గురువులు పక్కపక్కన నిలవవు. ఆదిలాబాదులో 'లాబా' అని రెండు నిలిచాయి. నిజానికి పొరుగు దేశం పోయే అభ్యాసం వాళ్లకే ఎక్కువ. ఆదిలాబాద్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు సొంత రాజధానికి పోవడానికి ముందు మహారాష్ట్రలోకి పోయి, ముద్‌ఖేడ్ దగ్గర తిరిగి, బాసర మీదుగా మళ్లీ స్వదేశం చేరుకుంటాడు. వీసా ఒక్కటే తక్కువ.

ఘనుడు సూడు = గొప్పవాడు చూడుము.

తాత్పర్యము

బండి తుడుచుకొని, కాగితాలు పట్టుకొని, సముద్రం కింద 35 నిమిషాలు నిలబడి, చాయ గురించి ఆలోచించినవాడు ఘనుడని భావము.

విశేషము

గ్రంథం ఇక్కడ ముగియవలసింది గాని మూడో పూర్వపక్షి అడ్డం వచ్చింది. "వాడు, ఘనుడు అంటున్నరు, ఆడోళ్లు పోలేదా?" అని. పోయారు, వీడికన్నా ముందే, కల్పితం కాకుండా పోయారు. 2018లో జై భారతి ముందుండగా నలుగురు స్త్రీలు హైదరాబాద్ నుంచి బండ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగారు. స్వదేశంతో కలిపి ఆరు దేశాలు, సుమారు 17,000 కిలోమీటర్లు. 2021లో మయన్మార్‌ను సైన్యం పట్టుకున్నాక ఆ దారిని నమ్ముకొని బయలుదేరడానికి లేదు. వాళ్లు పట్నపోళ్లు కదా, కరీంనగర్ పద్యంలో ఎందుకని నేను గొణిగితే, "ఇప్పుడు పద్యంల ఉన్నోడు మటుకు నిజంగ పోయిండా?" అని అడిగింది. జవాబు లేదు. కనుక రాబోయే ప్రతులలో నాలుగో పాదాన్ని ఇలా దిద్దుకోవలెను: 'కరిమనగరు చెల్లె ఘనత సూడు'. గణాలు సరిపోయినవి, యతి కూడా కుదిరినది.